అమ్మ పోయిన వారం పాడిన పాట

అన్నయ్యకు వందనాలు.

అమ్మను సమాధి చేసిన వారమే నేను చర్చిలో చప్పట్లు కొడుతూ పాడిన వీడియో చూసి, నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావని వదిన చెప్పింది.

సెలవు దొరకదని తెలిశాక ఇక్కడ గల్ఫ్‌లో, ఉమ్ సలాల్‌లో నేను పనిచేసే మేడమ్ వంటింట్లోనే ఏడ్చాను. ఇక్కడ ఆదివారం బదులు శుక్రవారం జరిగే ఆరాధనకు కూడా ఏడవడానికే వెళ్ళాను. మా కూటంలోని ప్రమీలక్క, "మీ అమ్మకు ఇష్టమైన పాటేందో చెప్పు చెల్లె, అందరం పాడుదాం" అంది. పాడుతుంటే ఎక్కడి నుంచో సంతోషం వచ్చింది, అన్నయ్యా. ఆపుకోలేకపోయాను.

తిరిగొచ్చాక భయం వేసింది. అది దేవుడిచ్చిన ఆదరణా, లేక నా గుండె బండబారిందా?

తిట్టినా సరే, ఫోన్ ఎత్తు. ఆఖరి గడియలో అమ్మ పక్కన నువ్వున్నావు. నా సంతోషం ఎక్కడిదో తేల్చుకోవడానికి, అప్పుడు అమ్మ ముఖంలో ఏముందో చెప్పు. భయమా, సంతోషమా?

నీ చెల్లెలు