‘మూడు దీపాలు’ ఎవరివి

మార్చి 4
హాలు మేనేజరు ఫోన్ చేశాడు. బోర్డు మీద ‘మూడు దీపాలు’ అని రాయలేమమ్మా, ఆ పేరు మీది కాదటగా అన్నాడు. మా మరిది ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ కావాలని తన పేరున అప్లై చేసి, హాలువాళ్లకు నోటీసు పంపాడట. అక్క, నేను, టైలరమ్మ కలిసి భక్తిపాటలు పాడుతుంటే వచ్చిన పేరది. మరిది కీబోర్డు పట్టుకుని చేరింది ఆ తర్వాతెప్పుడో.

మార్చి 5, ఉదయం
మరిది ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చాడు. ఈ గొడవలన్నీ మీకెందుకు వదినా, పేరు నా దగ్గరుంటే భద్రం, మీరు హాయిగా పాడుకోండి అన్నాడు. రేపు వేరేవాళ్లతో పాడిస్తావా అని అడిగాను. అవసరమైతే అన్నాడు. కాఫీ వదిలేసి వచ్చేశాను.

మార్చి 6
అత్తగారి ఫోన్. దేవుడి పాటలకు పేరు గోలేమిటే అంటారు. పాటలు దేవుడివే అత్తయ్యా, పేరు మా ముగ్గురిది అన్నాను. ఆవిడకు ఎదురుచెప్పడం ఇదే మొదలు.

మార్చి 11
లాయరు చిన్నపిల్లలా ఉంది, మాట మాత్రం పదును. అభ్యంతరం వేద్దాం, ఎవరు ముందు నుంచి వాడుతున్నారో చూపించాలి, మీ పేరు వినబడే పాత రికార్డింగులు తెండి అంది. లేవు. పాటకు ముందు మా పేరు చెప్పే ముక్కను ప్రతిసారీ నేనే కట్ చేయించేదాన్ని, దేవుడి ముందు మన డప్పేమిటని. కట్ చేసిపెట్టింది మరిదే. లాయరు తల పట్టుకుంది. ఈవిడ వినయం మమ్మల్ని నిలువునా ముంచిందమ్మా అని టైలరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అయినా అభ్యంతరం వేయమన్నాను.

మార్చి 12
ప్రార్థనలో పేరు కావాలనే అడిగాను. సిగ్గుపడలేదు.

జూన్ 19
మరిది తన వైపు సాక్ష్యంగా ఓ పాత వీడియో ఇచ్చాడట. కట్ చేయనిది ఒకటి దాచుకున్నాడన్నమాట. లాయరు రమ్మంటే ముగ్గురం పరుగెత్తాం. అందులో హాలు పెద్దాయన ‘మూడు దీపాలు’ అని పిలిచాడు. లేచింది మేం ముగ్గురమే. కీబోర్డు లేదు. మరిది కనబడడు, ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. గొంతు మాత్రం గట్టిగా వినబడుతోంది: వదినా, మైకు దగ్గరికి రండి, మీరు ఎత్తుకోకపోతే వాళ్లేం పాడతారు అని. పేరు వినబడిందని సంతోషపడి మరిది మిగతాది చూసుకోలేదు కాబోలు. లాయరు మళ్లీ మళ్లీ వేసింది. అక్క ఏడ్చింది. నేను మాత్రం శ్రుతి ఎంత బాగా కలిసిందో వింటూ కూర్చున్నాను.

జూలై 2
అతను అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాడు. మా ముగ్గురి పేర్ల మీద కొత్తది వేశాం.

జూలై 7
ఆదివారం పాటకు రావచ్చా అని మరిది అడిగించాడు. రమ్మన్నాను. జనంలో కూర్చోమన్నాను.