గోడవతల విన్న కీర్తన

ఏమండీ,

మీరు పోయి ఏడాదైన మర్నాడు, పక్క క్వార్టర్ అప్పారావు మీరు రోజూ వినే కీర్తనల క్యాసెట్ పెట్టమంటూ వచ్చాడు. ఈ బారిడీహ్ ఫ్యాక్టరీ కాలనీలో, అవి రాసిన వాగ్గేయకారుణ్ణి వినమని మీరు బతిమాలని ఇల్లు లేదు. మీరు ఆయన గురించి మొదలెట్టగానే సైకిలెక్కి పారిపోయిన మొదటివాడు అప్పారావే. నాకు నమ్మకం కుదరలేదు. వరసగా మూడు ఆదివారాలు వచ్చేసరికి, మీ టేప్‌రికార్డర్ మీద కన్నేశాడనుకున్నాను.

నాలుగోసారి అడిగేశాను. “నిజం సెప్పు అప్పారావూ, నీకేటి కావాల?”

అతను తల దించుకున్నాడు. “అన్న ఎదురుగా కూకోబెట్టి ఇనిపిత్తే తప్పించుకు తిరిగీవోణ్ణి వదినా. డ్యూటీ నుంచొచ్చి పడుకుంటే గోడవతల నుంచి ఇనిపించీది. అదే అలవాటైపోనాది. ఏడాదై ఇల్లు బోసిగా ఉంది. సచ్చీ, నిజంగానే ఇంకేటీ వద్దు.”

మీరు పోయాక ఆ ఏడాదంతా నేను టేప్‌రికార్డర్‌ని ముట్టుకోలేదు మరి.

క్యాసెట్ పెట్టాను. పాట అయ్యాక, “ఇది ఎవులు రాసినారు వదినా?” అన్నాడు.

మీరు ఇరవై ఏళ్లు చెప్పిందంతా నా నోటిదాకా వచ్చింది. చెబితే లేచిపోతాడేమోనని, పేరొక్కటే చెప్పి, క్యాసెట్ రెండో వైపు తిప్పాను.