మంజులమ్మ తీసేసిన ముక్క

సరళక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పీణ్యలో మన వీధి చివర చెత్తకుప్పను రోజూ ఫోటో తీసి సోషల్ మీడియాలో పెట్టి, శుభ్రం చేద్దాం రమ్మని అందరినీ పిలిచేదానివి. ఇప్పుడక్కడ కుప్ప లేదు. ఎదురింటి మంజులమ్మ ముగ్గేసి, నువ్వు తెరిచిన పేజీలోనే వీడియోలు పెడుతోంది.

ఈ ఉదయం ఆమె వీడియో తీస్తుండగా ఒకాయన స్కూటర్ ఆపి చెత్త కవరు విసరబోయాడు.

"ఈడ వెయ్యొద్దప్పా, చెత్త బండి వస్తాది, దాంట్లో వెయ్యి" అందామె.

ఆయన కవరు పట్టుకుని వెళ్లిపోయాడు. వీడియో పెట్టేముందు ఆమె ఆయన కనిపించిన ముక్క తీసేసింది. ఎందుకని అడిగాను.

"ముందు నేనూ ఈడే వేస్తా ఉంటి. మీ అక్క తీసిన ఫోటోలో నేను పడినా, ఆమె నా ముఖం ఎవరికీ చూపియ్యలేదు. ఆ పొద్దే మానేస్తిని."

ఆ మాట నాక్కూడా చెప్పలేదు కదక్కా నువ్వు!

నీ తమ్ముడు