గో బోర్డుకి రెండో వైపు

చినలంక రేవు,
నవంబరు 4.

జ్ఞానమ్మ టీచరు గారికి,

మీ దగ్గర ఏడో తరగతి చదివిన పడవ బుల్లబ్బాయి నమస్కారాలండి. ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాను.

మా పడవ మీద ఎవరో అర్జీ పెట్టారంటండి. చెప్పాపెట్టకుండా కదిలిపోతోందని, ఎక్కేవాళ్లు నీళ్లలో పడుతున్నారని. ఆఫీసరు గారు వచ్చి రేవులో ఇంగ్లీషు బోర్డు కట్టమన్నారు. పడవ కదిలేటప్పుడు 'గో' అని కనబడాలంట. జనాన్ని ఎక్కించుకునేటప్పుడు బోర్డు తిప్పితే దాని వ్యతిరేక పదం కనబడాలంట. నెలాఖరుకి అది లేకపోతే పడవ కట్టేసుకోమన్నారు. ఇంట్లో ఐదుగురం ఆ పడవ మీదే బతుకుతున్నామండి. గోకి వ్యతిరేక పదం ఏంటో రాయగలరు.

ఇట్లు,
మీ బుల్లబ్బాయి

తా.క. ఆ అర్జీ పెట్టినవాళ్ల చేపల పులుసులో రోజూ ఉప్పెక్కువవ్వాలి.

ధవళేశ్వరం,
నవంబరు 8.

చిరంజీవి బుల్లబ్బాయికి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఫోనులో చెబితే నువ్వు సగం విని సగం రాసుకుంటావు. అందుకే ఎత్తలేదు.

గోకి వ్యతిరేక పదం 'కమ్'. ముప్పై మూడేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఇందులో సందేహపడటానికేమీ లేదు. పెద్ద అక్షరాలతో రాయించి నిశ్చింతగా ఉండు.

ఆశీస్సులతో,
జ్ఞానమ్మ, రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు

తా.క. అర్జీ పెట్టినవాళ్లని శపించకు. వాళ్లకి బీపీ ఉండొచ్చు.

చినలంక రేవు,
నవంబరు 13.

టీచరు గారికి నమస్కారాలు.

కమ్ రాయించానండి. చదువుకున్నవాళ్లు మిగతావాళ్లకి 'రండి అని రాశాడు' అని చెప్పారు. రమ్మన్నాక మన వైపు జనం ఊరుకుంటారాండి? మొదటిరోజే ఇరవై మంది పడవ వదిలేసి మా అరుగు మీద కూర్చుని, "పిలిచావు, వచ్చాం, టీ ఏదయ్యా" అన్నారు. మా ఆవిడ లక్ష్మీదుర్గ మూడుసార్లు పాలు తెప్పించింది.

సరే కదా అని గో వైపు తిప్పాను. చేపల చిట్టెమ్మ గారు గంప కింద పెట్టి, "మా అల్లుడి ఎదుట నన్ను పొమ్మంటావా" అన్నారు. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. కమ్ బదులు కొంచెం మర్యాద తక్కువ మాట ఏదైనా ఉంటే చెప్పండి.

మీ బుల్లబ్బాయి

తా.క. ఆ అర్జీదారుడి ఇంటికి చుట్టాలందరూ పాలు విరిగిన రోజే రావాలి.

ధవళేశ్వరం,
నవంబరు 17.

చిరంజీవి బుల్లబ్బాయికి,

లోపం మాటలో లేదు, మీ రేవులో ఉంది. 'స్టాప్' రాయించు. బస్సులూ కార్లూ ఆ మాటకే ఆగుతున్నాయి, మీవాళ్లెంత. దాన్ని చూసి టీ అడిగేవాడు పుట్టలేదు.

ఆశీస్సులతో,
జ్ఞానమ్మ

తా.క. అర్జీ పెట్టినవాళ్లు ఆడవాళ్లయినా కావచ్చు. అర్జీదారుడు అని నువ్వే తేల్చేయకు.

చినలంక రేవు,
నవంబరు 30.

టీచరు గారికి నమస్కారాలు.

స్టాప్ కొంప ముంచినంత పని చేసిందండి. ప్రయాణానికి బయల్దేరినవాళ్లని ఆగమంటే ఎవరైనా ఎక్కుతారా? అందరూ వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని లేచారు. లేచి చూస్తే ఎదురుగా మళ్లీ అదే బోర్డు. మళ్లీ కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గారు జీపు దిగారు.

"వీళ్లెందుకు ఎక్కట్లేదయ్యా" అన్నారాయన. ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. "అయ్యా, మా రేవులో ఎవరూ పోరండి, వెళ్ళొస్తారు. పోవడమే లేనిచోట దానికి వ్యతిరేకం ఎక్కడినుంచి తెచ్చేదండి?"

"మరి కదిలేముందు జనానికి ఎలా తెలుస్తుంది?" అన్నారు. నేను బోర్డు పీకేసి, పడవ మీద నిలబడి, "వెళ్ళొద్దామా అండీ" అని కేకేశాను. అరుగు మీదవాళ్లంతా లేచొచ్చి ఎక్కి, సర్దుకుని, "వెళ్ళొద్దాం" అన్నారు. అప్పుడు ఇంజను స్టార్టు చేశాను. ప్రతి ట్రిప్పుకీ అలాగే అడిగి, అందరూ బదులు చెప్పాకే కదలాలని రాసి, పర్మిషన్ ఇచ్చేశారండి.

మీ బుల్లబ్బాయి

తా.క. బోర్డు చెక్కతో లక్ష్మీదుర్గ టీ బల్ల చేయించింది. బోర్డు తీసేసినా జనం టీకి రావడం మానలేదండి.

ధవళేశ్వరం,
డిసెంబరు 9.

చిరంజీవి బుల్లబ్బాయికి,

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అందుకని ఒక్కసారే రాసేస్తున్నాను. ఆ అర్జీ పెట్టింది నేనే.

సెప్టెంబరులో మా చెల్లెలు మెర్సీ కూతురి పెళ్లిమాటలకి మీ వైపు వచ్చాను. ఒక కాలు రేవు చెక్క మీద, ఒక కాలు పడవలో ఉండగా నువ్వు ఇంజను స్టార్టు చేశావు. మోకాలిలోతు నీళ్లే, కానీ కొత్త చీర. నువ్వు వెనక్కి చూడకుండా అవతలి ఒడ్డుకి వెళ్లిపోయావు. భయపడ్డానని నా దగ్గర చదువుకున్నవాడితో చెప్పుకోలేక ఆఫీసరుకి రాశాను. బోర్డు ఉపాయమూ నాదే. అది మీ ఐదుగురి అన్నం మీదికి వస్తుందనుకోలేదు. మన్నించు.

మొన్న మళ్లీ నీ పడవ ఎక్కాను. గొడుగు చాటున ఉన్నాను, నువ్వు చూడలేదు. "వెళ్ళొద్దామా అండీ" అన్నావు. అందరూ వెళ్ళొద్దామన్నారు, నేను తప్ప. కాళ్లు ఇంకా కుదురుకోలేదు. "ఇంకొకరు అనాలండి" అని నువ్వు ఇంజను మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఆగావు. అప్పుడు అన్నాను.

ఆశీస్సులతో,
జ్ఞానమ్మ

తా.క. మీ ఆవిడ టీలో పంచదార తక్కువ. ఈసారి అర్జీ నీకే పెడుతున్నాను.