డచెస్ లారీకి ఉన్న ఏడు టైర్లు

లాంకషైర్‌లోని హాల్డెన్ బ్రిగ్‌లో, పాత లారీలు అమ్మే పిల్లింగ్ యార్డును ఆనుకున్న ఇంట్లో కాపురముంటున్న డోరీన్ పిల్లింగ్ అనే నేను, ఇదే ఊరి బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా ఎనభై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ దీంతో రద్దు. నా బుద్ధి స్థిమితంగా ఉందో లేదో చూడమంటే మా డాక్టరు సోమవారం నాచేత వందలోంచి ఏడేసి చొప్పున తీసివేతలు చేయించారు. నేను రెండు దాకా వచ్చాను. ఆయన డెబ్బై రెండు దగ్గరే వినడం మానేశారు. బుద్ధి సరిగానే ఉంది. భయం మాత్రం ఉంది. ఈ రెండూ వేరని మొదటే రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఇదంతా చదివాక నా కొడుకు నైజెల్ వేరేగా అంటాడు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా లాయరు అలన్ గ్రీన్‌హాల్‌ది. అతను నిదానస్తుడు. ఈ ఒక్కసారికి తొందరపడమని మనవి.

2. నేనుంటున్న ఇల్లు నైజెల్‌కి. ఉత్తరం వైపు కప్పు కారుతుంది. వాళ్ల నాన్న బతికున్నప్పటి నుంచీ దాన్ని వచ్చే వారం బాగుచేస్తున్నారు.

3. నా భర్త క్లెమెంట్ టోపీ, ఆయన స్పానర్లు, ఇత్తడి నూనెడబ్బా నా మనవరాలు బెథనీకి. క్వారీల వెనకా, పశువుల కొట్టాల్లోనూ తుప్పు పట్టి పడి ఉన్న లారీలను తెచ్చి, మళ్లీ నడిచేలా చేసి, వాటి మీద ప్రాణం పెట్టుకునేవాళ్లకే అమ్మిన మనిషి ఆయన. బేరానికి వచ్చినవాడు ముందు ఇంజను చూడకుండా ధర అడిగితే టీ ఇచ్చి పంపేసేవాడు. బెథనీకి ఆయన చేతులు వచ్చాయి. నైజెల్‌కి ఆయన నోరు వచ్చింది.

4. కొండ కింద నేను టీ కాచే రాగి కెటిల్, దాని పొయ్యితో సహా, మా పాత లారీల సంఘంలోని ఆడవాళ్లకి. అడుగున సొట్ట ఉంది. అది ఎప్పుడు పడిందో కింద రాశాను.

5. సంఘం అధ్యక్షుడు రోనల్డ్ బిబ్బీకి నా బీరువా పై అరలో బట్టలో చుట్టి ఉంచిన టైరు ముక్క. రాతబల్ల మీద, ఎదురుగా పెట్టుకోవాలి.

కారణం ఇది. ఏటా మే నెలలో మా పాత లారీలన్నీ వెనకటి రోజుల్లోలాగే సరుకు వేసుకుని రేవెన్‌షా కొండ ఎక్కి దిగుతాయి. ఆఖరి మలుపు దాటగానే డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాలి. అది వినగానే కింద మేం అతని కప్పులో టీ పోస్తాం. ఇది మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఆరేళ్ల కిందట లయనెల్ ఆష్‌వర్త్ వంతు వచ్చింది. ఆయన ఎప్పుడూ వేళ తప్పడు గనక ముందే పోసి పట్టుకున్నాను. హారన్ రాలేదు. గోడ కూలిన చప్పుడు వచ్చింది. కెటిల్ నా చేతిలోంచి జారింది. కప్పు మాత్రం ఎందుకో వదల్లేదు. ఎవరో వచ్చి నా వేళ్లు విడదీసేసరికి అందులో టీ చల్లారిపోయి ఉంది.

లయనెల్ పోయింది రోడ్డు మీద గుంట వల్ల అని సంఘం పత్రికలో రోనల్డ్ రాశాడు. నేను మర్నాడు వెళ్లి ఆ మలుపంతా మోకాళ్ల మీద వెతికాను. గుంట లేదు. లయనెల్ లారీ ముందు ఎడమ టైరు ముక్క దొరికింది. యాభై ఏళ్లు కాగితం చుట్టలో ఉండి, రోడ్డు ముఖం చూడని టైరది. పైన కొత్త బూటులా నిగనిగ. లోపల నలిపితే పాత రొట్టెలా రాలింది. రోనల్డ్‌కీ తెలుసు, అందరికీ తెలుసు. గుంట కాదని ఒప్పుకుంటే ప్రతివాడూ తన షెడ్డులో దాచుకున్న టైర్లు పారెయ్యాలి. మావాళ్లు పెళ్లాన్ని వదులుకోమంటే కనీసం ఆలోచిస్తారు. ఒరిజినల్ టైరును వదులుకోమంటే ఆలోచించను కూడా ఆలోచించరు.

6. యార్డులోనూ, అందులోని లారీలన్నిటిలోనూ నా సగం వాటా బెథనీకి. మిగతా సగం ఇదివరకే నైజెల్‌ది. షరతు ఒకటే. ఈ యార్డులోంచి అమ్మే ఏ బండీ పదేళ్లు దాటిన టైర్లతో గేటు దాటకూడదు. ఇంత పాత బండ్లకి చట్టం ఏటేటా పరీక్ష అడగదు. అందుకే నేను అడుగుతున్నాను.

7. ఇక డచెస్. ఇది పందొమ్మిది వందల యాభై మూడు నాటి లారీ. ఇటుకబట్టీ వెనక, క్యాబులోంచి ముళ్లచెట్టు మొలిచి ఉండగా క్లెమెంట్ కొన్నాడు. తలుపు మీద పాత యజమాని జోషువా క్రాబ్‌ట్రీ పేరు ఇప్పటికీ ఉంది. అమ్మినా, కొన్నా ఆ పేరు చెరపం. అది మా వర్తకంలో మర్యాద. దాన్ని కొనడానికి హాలండ్ నుంచి ఒకాయన ఈ ఆదివారం వస్తున్నాడు. ఉన్ని మూటలతో కొండ దిగడం కళ్లారా చూడాలిట. ప్రతి భాగమూ ఆ కాలానిదే కావాలిట. మూతపడ్డ ఒక దుకాణం అటక మీద నైజెల్‌కి ఏడు టైర్లు దొరికాయి. ముందు రెండు, వెనక నాలుగు, ఒకటి స్పేరు. బిగించేశాడు. నడిపేది బెథనీ.

నేను వద్దన్నాను. నైజెల్ నవ్వాడు. "ఒక్క మైలు కూడా తిరగలేదమ్మా, పసిపిల్ల బుగ్గల్లా ఉన్నాయి. నువ్వు లెక్కలు చూసుకో, టైర్లు నాకొదిలెయ్" అన్నాడు. బెథనీతో చెప్పాను. "నెమ్మదిగా దిగుతాలే నానమ్మా, నువ్వు మరీనూ" అంది. లయనెల్ కూడా నెమ్మదిగానే దిగాడు.

మంగళవారం మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లి ముందు ఎడమ టైరు పక్కన కూర్చున్నాను. గోటితో నొక్కితే వెంట్రుకంత సన్నని బీట నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఆ నోరు నాకు తిండి దగ్గరా, ప్రార్థన దగ్గరా కనిపిస్తూనే ఉంది. బెథనీ గేటు బయట కారు ఆపి హారన్ కొడితే చేతిలోదేదైనా జారిపోతోంది.

8. నిన్న రాత్రి ఇంతదాకా రాశాక ఒక చిక్కు తెలిసింది. వీలునామా నేను పోయాక గాని పనిచేయదు. ఆదివారం ఇంకా మూడు రోజులే ఉంది. ఆలోగా నేను పోయేలా లేను. డాక్టరు కూడా ఆశ పెట్టలేదు.

అందుచేత ఈ ఉదయం లారీని హాలండ్ పంపే ఏర్పాట్ల కోసం నైజెల్ ఓడరేవుకి వెళ్లగానే, మా బండ్ల తలుపుల మీద అక్షరాలు రాసే సెడ్రిక్ హోల్ట్‌ను డ్రిల్లు తెమ్మన్నాను. ఏడింటిలో గాలి వదిలించి, ఏడింటికీ పక్కన బొటనవేలు దూరేంత రంధ్రాలు వేయించాను. సెడ్రిక్ ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ. "టీచరుగారూ, యార్డులో మీది సగమేగా. నాకు భిన్నాలు రావని మీరే అనేవారు, ఎన్నిటికి వెయ్యాలో మీరే చెప్పండి" అన్నాడు. ఏడులో సగం మూడున్నర. అర టైరుకి రంధ్రం వేసే పద్ధతి నేనెప్పుడూ చెప్పలేదు. అన్నీ వెయ్యమన్నాను. డచెస్ మెల్లగా కిందికి కూర్చుంది, పెద్దావిడ కుర్చీలో కూర్చున్నట్టు.

కొత్త టైర్లు రేపు వస్తాయి, నా సొంత డబ్బుతో. వాటి మీది గాట్ల అచ్చు వేరు. హాలండ్ ఆయన ధర తగ్గించవచ్చు, సంఘం పోటీలో రోనల్డ్ మార్కులు తగ్గిస్తాడు. తగ్గించుకోనీ. నైజెల్, నువ్వు అరుస్తావు. అరుచుకో. ఆరేళ్ల కిందట ఆ మలుపు నుంచి నువ్వు తెల్లగా పాలిపోయిన ముఖంతో దిగి రావడం నేను చూశాను. గుంటే అని నాకు చెప్పిన మొదటివాడివి నువ్వు. అప్పుడు కూడా నా ముఖంలోకి చూడలేదు.

9. నైజెల్‌కి ఇంకెక్కడైనా మరో జత ఉందేమో నాకు తెలియదు. ఉందేమోనన్నది ఇప్పుడు నా భయం. కాబట్టి ఆదివారం ఎప్పటిలాగే కొండ కింద కెటిల్‌తో ఉంటాను. బెథనీ, నీ కప్పు ఖాళీగానే పట్టుకుంటాను. ఆఖరి మలుపు దాటి రెండు హారన్లు కొట్టు, అప్పుడు పోస్తాను. అవి వినేదాకా ఈ కాగితం పెట్టిన కవరు అంటించను. ఎందుకంటే అవి వినబడకపోతే మూడో అంశమూ ఆరో అంశమూ ఎవరికి రాయాలో నాకు తెలియదు.

సాక్షులకు ఏమీ రాసి ఇవ్వకూడదని చట్టం. అందుకే వాళ్లకు చెరో పండ్ల కేకు ముందే ఇచ్చేశాను.

హాల్డెన్ బ్రిగ్, గురువారం, 2 మే 2024.

సంతకం: డోరీన్ పిల్లింగ్

మా ఇద్దరి కళ్లెదుట ఆవిడ సంతకం చేశారు.

సాక్షులు:
సెడ్రిక్ హోల్ట్, పెయింటరు. డ్రిల్లు నాదే.
మురియెల్ టాటర్సాల్, పొరుగింటావిడ. ఆదివారం కెటిల్ నేను పట్టుకుంటాను.