పెద్దసారు హోదా

అక్కా,

నా బుజ్జికి ఆదివారం అమ్మ వస్తుందని చెప్పకు. మీ ఊరికి నా బదిలీ ఆర్డరు వచ్చిన మాట నిజమే. కానీ అది మా ఆఫీసు పాత కంప్యూటరులో ఉంది, తెరుచుకోవడం లేదు.

ఇక్కడికి ఏ ఆఫీసరు వచ్చినా తన పేరూ హోదా పూర్తిగా రాసి ఒక ఫోల్డరు పెట్టి, పాతవాళ్ల ఫోల్డర్లన్నీ అందులోకి తోసేస్తాడు. బదిలీ ఆర్డర్లు వచ్చి పడేది మొట్టమొదటి ఆఫీసరు ఫోల్డర్లో కాబట్టి, నా ఆర్డరు అన్నిటికంటే అడుగున పడింది. పైనుంచి అక్కడిదాకా ఉన్న పేర్లన్నీ కలిపితే మరీ పొడుగై ఆ ముసలి యంత్రం మోయలేదట, చేతులెత్తేస్తోంది. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, "పంపేశాం కదమ్మా, మీ కంప్యూటర్లోనే చూసుకోండి" అంటారు.

అన్నిటికంటే పైనున్న మా ఇప్పటి పెద్దసారు ఫోల్డరు పేరులో నాలుగక్షరాలు తగ్గిస్తే చాలు, ఆర్డరు తెరుచుకుంటుంది. కాళ్లావేళ్లా పడ్డాను. "నా హోదా కత్తిరించడానికి నువ్వెవరు?" అన్నాడు. ఈయన వెళ్లిపోతే బాగుండు అనుకోవడానికీ లేదు, వచ్చేవాడు ఇంకో ఫోల్డరు పెడతాడు.

ఇవాళ ఆయనకు ప్రమోషన్ వచ్చింది. హోదాకు ముందు ఇంకో రెండు మాటలు చేరాయి. ఫోల్డరు మీద వాటిని నాచేతే కొట్టించాడు. "తప్పుల్లేకుండా కొట్టమ్మా" అన్నాడు. కొట్టాను.

బుజ్జిని బళ్లో నువ్వే చేర్పించు. పేరు మాత్రం పొట్టిగా రాయించు.

నీ చెల్లెలు