రెడ్డి మాట చివరిదాకా విన్నాను

2003 మే, మంగళవారం రాత్రి

గెలిచాం! రేపటి నుంచి రాత్రిపూట సుబ్బారెడ్డి బోరు నీళ్లు మా కాలనీకే.

ఇంతకుముందు రెండు పంచాయితీలూ నావల్లే చెడ్డాయి. ఆయన ఒక మాట అనగానే నా తలలో మా సంఘం కరపత్రం చదవడం మొదలవుతుంది, మిగతాది చెవికెక్కదు. నేను అరుస్తాను. ఆయనకు కావలసిందీ అదే, తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోతాడు. అందుకే ఈరోజు మా కాలనీ ఓబులేసు నా పక్కనే కూర్చున్నాడు.

"మధ్యలో నోరు తెరిచినావంటే తొడపాశం పెడతా సూడు!"

రెడ్డి తన బత్తాయి తోట కష్టాలు ఏకరువు పెట్టాడు. నీళ్లు అందరివీ అన్న వాక్యం నాలుక చివరికొచ్చింది, మింగేశాను. ఓబులేసు గిల్లుళ్లకు తొడ కమిలింది. అయినా వింటూనే ఉన్నాను.

"పగలు నీళ్లు నా చీనీ చెట్లకే సాలవు. రాత్రి కరెంటొస్తే, పాములకు భయపడి మోటరేసేవాడే లేడు. ఆ నీళ్లు నాకూ లేకపాయ."

"రాత్రి మేమేసుకుంటాం అన్నా," అన్నాను మెల్లగా.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. తన మాటను తానే కాదనలేక రెడ్డి తల గోక్కున్నాడు. "సరే, ఏసుకోండి. ఈనికి ఇనేది యాడ నేర్పినారప్పా?"

కానీ ఒక దిగులు. ఎదుటిపక్షం మాటైతేనే నా చెవులు పనిచేస్తాయా? అన్నం దగ్గర అమ్మ ఏదో చెబుతుంటే ఊ కొడుతూ నా గెలుపునే నెమరేసుకుంటున్నాను. "నేనేం జెప్పితి?" అని నిలదీసింది. దొరికిపోయాను. మళ్లీ చెప్పమని, ముద్ద కింద పెట్టి విన్నాను.

"రేపు రాత్రి మోటరు నేనే ఏస్తా. ఇన్నేండ్లు బిందెలు మోసింది నేను గదరా."